మెట్ట మీద చీర

నర్సీపట్నం సోమేశ్‌కి ఇంట్లో కాలు నిలవదు. పొద్దున్నే ఇడ్లీలు వడ్డిస్తూ పెళ్ళాం సౌందర్య, "వానలింకా తగ్గలేదు. వచ్చే వారం ఎల్దువుగాని" అంది. వింటేగా! నీళ్ళలో ఊపిరికి వాడే గాలి సిలిండరు వ్యానులో పడేసుకుని సముద్రానికి బయల్దేరాడు.

ఒడ్డుకి దూరంగా నీళ్ళలో మునిగున్న రాతిమెట్టే అతని బతుకుదెరువు. టూరిస్టులకి మాస్కు తొడిగి, వెంట దింపి, చేపల్ని చూపిస్తాడు. చలికాలంలో అడుగుదాకా కనిపిస్తుంది. ఎండలు ముదిరితే నీళ్ళు పచ్చబడతాయి. వానలప్పుడు అచ్చం చెరకురసమే. ఆవేళా అంతే. అయినా సీజన్ వచ్చేస్తోంది, రాళ్ళకి చిక్కిన పాత వలలు కోసెయ్యాలి.

"ఒక్కడివే దిగుతావేటి బాబూ?" అన్నాడు పడవ నడిపే పరదేశి. "వేట మొదలెట్టినప్పుడు మావోళ్ళు గంగమ్మకి సీర ఒగ్గారక్కడ. అది దానంతటదే సివికిపోవాల. ముట్టుకోకు."

"నాకు తెలీదేటి మావా!" అంటూ దూకేశాడు.

కింద అంతా మసక. చెయ్యి చాపితే వేళ్ళు కనబడవు. తన ఊపిరి చప్పుడొక్కటే. తడుముకుంటూ వలలు కోస్తున్నాడు. మెత్తగా ఏదో తగిలింది. ఇదీ వలేలే అని కత్తి వేశాడు. తెగిన అంచు మాస్కు ముందుకి తేలింది...

జరీ.

గంగమ్మ చీరే! వదిలేశాడు. అది వదల్లేదు. కాలికి చుట్టుకుంది... నడుముకి... లాగినకొద్దీ బిగుస్తోంది. ముక్కు మాస్కులో మూసే ఉంది, అయినా పసుపు వాసన... గాలి మీటరు ముల్లు ఎర్రగీత మీదకొచ్చింది. ఇక్కడే పోతాను, సౌందర్యకి శవం కూడా దొరకదు అనుకున్నాడు.

"తప్పయిపోయింది తల్లీ... ఒదిలీయే..." నోట్లో సిలిండరు గొట్టంతోనే గొణిగాడు.

మెల్లగా చీర జారింది.

పైకి తేలగానే పరదేశి రెక్క పట్టి పడవలోకి లాగాడు. ఎండ చురుక్కుమంది. బతికాన్రా దేవుడా అనుకుని గొట్టం ఉమ్మేశాడు సోమేశ్. గాలి పీల్చబోయాడు. రాలేదు. నోరు పెద్దగా తెరిచాడు.

రాలేదు...

చెక్క మీద పడున్న గొట్టం దానంతటదే సుయ్‌మని పీల్చింది. అప్పుడు సోమేశ్ గుండెల్లోకి గాలొచ్చింది. అది వదిలింది. అతనూ వదిలాడు. మళ్ళీ పీల్చబోయాడు. దాని కోసం ఆగాల్సొచ్చింది.

"ఏటా సప్పుడు? గాలి కారిపోతన్నట్టుంది. ఉండు బాబూ, కట్టేస్తాను" అంటూ పరదేశి సిలిండరు వాల్వు మీద చెయ్యేశాడు.

వద్దని అరవాలి. అరవడానికి ఊపిరి కావాలి. గొట్టం ఇంకా పీల్చలేదు.

పరదేశి వాల్వు తిప్పుతున్నాడు...