లైను నా పేరు మీద ఉంది

ఝాన్సీకి కోపమొస్తే ఎదురుగా ఎవరున్నారో చూసుకోదు. ఆ ఉదయం ఎదురుగా కరెంటు స్తంభం ఉంది. స్తంభం మీద ఒక మనిషి ఉన్నాడు.

"ఏవండీ! కరెంటు ఎప్పుడొస్తాది?"

"నేను దిగేక."

"ఎప్పుడు దిగుతారు?"

"పనయ్యేక."

సన్నగా జల్లు పడుతోంది. పైనున్నవాడు నడుముకి బెల్టు బిగించి, నెత్తిన పసుపు హెల్మెట్ పెట్టుకుని, కిందికి చూడకుండానే జవాబులు విసురుతున్నాడు. ఆ చూడకపోవడం ఝాన్సీని ఇంకా మండించింది.

"నా లాప్‌టాప్‌లో నాలుగు శాతం ఛార్జింగే ఉన్నాది. పదింటికి యూనివర్సిటీకి మెయిల్ పెట్టాల. మీరో పది నిమిషాలు దిగి టీ తాగి రండి. ఈలోగా నేను పెట్టీసుకుంటాను."

"కుదరదండి."

"సబ్‌స్టేషన్‌లో డ్యూటీలో ఉన్నది మా నాన్న. ఇప్పుడే ఫోన్ చేస్తాను."

"సెయ్యండి. ఆయనా ఇవ్వరు. లైను నా పేరు మీద ఉన్నాది."

ఝాన్సీ నిజంగానే ఫోన్ చేసింది. అవతల గణపతిరావు కూతురి మాట సగం కూడా వినలేదు. "హరి సెప్పాలమ్మా. నువ్వు సెప్పినా ఇవ్వను, కలెక్టరు సెప్పినా ఇవ్వను" అని పెట్టేశారు.

ఇంకొకరైతే అక్కడితో మూతి ముడుచుకుని ఇంటికి పోయేవాళ్ళు. ఝాన్సీ మాత్రం గొడుగు మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుని, సంచీలోంచి నోట్‌బుక్ తీసింది.

"ఇందాక ఏటన్నారు? లైను మీ పేరు మీద ఉన్నాదా? అదేటి, పొలమా? పట్టా ఇచ్చారా? మళ్ళీ సెప్పండి, రాసుకుంటాను."

అప్పుడు చూశాడతను కిందికి.

ఆ నోట్‌బుక్ సంగతి చెప్పాలి. ఝాన్సీ ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎం.ఏ. ఇంగ్లీషు చివరి ఏడాది చదువుతోంది. ప్రాజెక్టు కోసం రాజకుమారి మేడమ్ క్లాసులో చీటీలు తీయించారు. చీటీకో ఇంగ్లీషు మాట. మన జిల్లా జనం ఆ మాటని ఎన్ని అర్థాల్లో వాడుతున్నారో పట్టుకు రావాలి. యాభై కావాలి. నిఘంటువులో ఉన్నవి తెస్తే మార్కులు సున్నా. స్నేహితురాలు సుహాసినికి 'పార్టీ' వచ్చింది, పెళ్ళిళ్ళకీ పంచాయతీలకీ తిరిగి ఆడుతూ పాడుతూ పూర్తి చేసేస్తోంది. ఝాన్సీకి వచ్చింది 'లైను'.

రేషను కొట్టు ముందు నిలబడేది లైను. పాలకొండ పోయే బస్సుది పాలకొండ లైను. "మీ అబ్బాయి ఏ లైనులో ఉన్నాడు?" అంటే ఉద్యోగం. "తాగుడు మానీసి లైనులోకొచ్చాడు" అంటే బుద్ధి. తాపీమేస్త్రి గోడ పక్కన లాగి కట్టే దారమూ లైనే. ఇలా పందొమ్మిది పోగుచేసి అక్కడ ఆగిపోయింది. ఒక మనిషి పేరు మీద ఉండే లైను మాత్రం ఎక్కడా తగల్లేదు.

"గణపతిరావు బాబాయ్ కూతురా మీరు?" అన్నాడు పైనున్నవాడు.

అని, ఆమె ముఖం సరిగ్గా చూశాడు. పసుపు గొడుగు, తడిసిన జడ, పెన్ను మూత పళ్ళతో పీకుతున్న తీరు. చూసి, నోరు జారినవాడిలా నాలిక్కరుచుకున్నాడు. ఎందుకో ఝాన్సీకి అప్పుడు అర్థం కాలేదు.

దిగాక జేబులోంచి ఏదో నంబరు రాసుకున్న చీటీ తీసి చూపించాడు. పేరు హరిబాబు, ఊరు శ్రీకూర్మం పక్కన. పని ఈ నాలుగూళ్ళ లైన్లు చూడడం.

"స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కి ఫోన్ సేసి లైన్ క్లియర్ అడుగుతాం. మేం ఎల్.సి. అంటాం. మీ నాన్న లైను ఆపీసి, ఒక నంబరిచ్చి, రిజిస్టర్లో నా పేరు రాసుకుంటారు. అప్పట్నుంచి ఆ లైను నాది. పనయ్యేక నేనే ఫోన్ సేసి, నా గొంతుతో, ఆ నంబరు సెప్పి తిరిగివ్వాల. నా బదులు ఇంకెవరు సెప్పినా సెల్లదు."

ఝాన్సీ పెన్ను ఆగింది. ఆ ఇంట్లోనే పుట్టి ఇరవై రెండేళ్ళుగా పెరుగుతోంది. నాన్న ఇలాంటి పని చేస్తారని ఇవాళే తెలిసింది. గణపతిరావు డ్యూటీ మాటని సబ్‌స్టేషన్ గేటు దగ్గరే వదిలేసి ఇంటికొచ్చే మనిషి.

"ఇరవయ్యోది దొరికింది. ఇంకా ఏమన్నా ఉన్నాయా మీ దగ్గర?"

"సాలా ఉన్నాయి. రోజుకొకటి సెప్తాను."

"అన్నీ ఇప్పుడే సెప్పీయొచ్చు కదా?"

"ఇప్పుడే సెప్పీస్తే మళ్ళీ అడగరు కదండీ" అని బండి ఎక్కి పోయాడు. పది గంటల మెయిల్ పదకొండున్నరకి వెళ్ళింది. ఝాన్సీకి ఎందుకో కోపం రాలేదు.

మాటంటే మాటే. రోజుకొకటి వచ్చేది. ఒకరోజు ఆమదాలవలస స్టేషన్లో గూడ్సు ఆగిపోతే "దీనికి లైనివ్వలేదు పాపం" అని ఫోను. ఇంకోరోజు కళింగపట్నం ఒడ్డున గేలం లైను. ఒక ముసలమ్మ వరసగా ఉన్న ఇళ్ళని లైనిళ్ళు అందని ఒక ఫోను. అర్థం చెప్పడానికి రెండు నిమిషాలు, మిగతా కబుర్లకి నలభై. ఝాన్సీ ఆ రెండు నిమిషాలదే రాసుకునేది.

ఆ శ్రావణంలో ఒక సాయంత్రం, డ్యూటీ ఊసెత్తని గణపతిరావు అన్నం కలుపుతూ ఎత్తారు.

"హరిగాడికేటైందో తెలీట్లేదు. రెండేళ్ళుగా బాబాయ్ బాబాయ్ అని పిలిసీవోడు. నెల్లాళ్ళయి సార్ అంటన్నాడు. నేనేటన్నాను ఆణ్ణి?"

"పెద్దోళ్ళని గౌరవిస్తన్నాడేమో" అంది లక్ష్మీనరసమ్మ పులుసు వడ్డిస్తూ.

"గౌరవం కాదే. నాకేదో దూరం పెట్టినట్టుంటాది."

ఝాన్సీ చేతిలో ముద్ద నోటిదాకా వచ్చి ఆగింది. నెల్లాళ్ళు. స్తంభం, జల్లు, నాలిక్కరుచుకోవడం. అంతా ఒక్కసారి అర్థమైపోయి పొలమారింది. తల్లి నెత్తిన తట్టి నీళ్ళిచ్చింది.

మర్నాడు యూనివర్సిటీ నుంచి వస్తూ హరిబాబుని ఆమదాలవలస స్టేషను బయట టీ కొట్టు దగ్గరికి రమ్మంది.

"మా నాన్నని బాబాయ్ అనడం ఎందుకు మానీసారు?"

హరిబాబు గ్లాసు వైపు చూశాడు. రోడ్డు వైపు చూశాడు. ఎక్కడా సాయం దొరకలేదు.

"మీ నాన్న నాకు బాబాయైతే మీరు నాకేటవుతారు?"

"ఏటవుతాను?"

"అదే. నాకది అవ్వకూడదు" అన్నాడు చెవులు ఎర్రబడుతుండగా. "మీరింకొక లైను రాసుకోలేదు. కుర్రోళ్ళు అమ్మాయిలకి లైనెయ్యడం."

"రాయలేదు. ఉదాహరణ లేకపోతే మేడమ్ ఒప్పుకోరు."

"నెల్లాళ్ళుగా ఉదాహరణే ఇస్తన్నాను కదండీ."

ఝాన్సీ పకపకా నవ్వింది. టీ కొట్టతను తిరిగి చూశాడు. నవ్వు ఆగాక నోట్‌బుక్ తీసి, నలభై ఒకటి అని అంకె వేసి, ఎదుట ఏమీ రాయకుండా మూసేసింది. ఆమెకి ఎంత సంతోషంగా ఉందంటే, రాస్తే తగ్గిపోతుందేమో అనిపించింది.

ఇంట్లో హరిబాబు సంగతి ఆమే చెప్పింది. లక్ష్మీనరసమ్మ రెండు ఫోన్లు చేసి, పిల్లాడిది మంచి రైతు కుటుంబమని, వాళ్ళ మేనత్త మనకి తెలిసినవాళ్ళేనని పొద్దుగుంకే లోపు తేల్చేసింది. గణపతిరావు మాత్రం ఒక్కటే మాటన్నారు.

"హరి బంగారం లాటోడు. కానీ స్తంభాలెక్కీవోడికి నా పిల్లనివ్వను."

"ఎందుకు నాన్నా?"

గణపతిరావు ఎప్పుడూ ఇంట్లోకి తేని మాటని ఆ రోజు తెచ్చారు. పదిహేనేళ్ళ కిందట సూరయ్య అని లైన్‌మేన్ ఉండేవాడు. ఒకరోజు అతని పేరు మీద లైనుంటే, పక్కవాడెవడో ఫోన్ చేసి, "సూరయ్య పనైపోనాది, ఇచ్చీమన్నాడు" అన్నాడు. ఈయన ఇచ్చేశారు. సూరయ్య ఇంకా పైనే ఉన్నాడు. మనిషి బతికాడు గాని ఎడమ చెయ్యి పోయింది.

"తప్పు నాది కాదన్నారు అందరూ. కాగితం మీదా అలాగే రాసేరు. కానీ మీట నొక్కింది నా సెయ్యే గదమ్మా. ఎల్.సి. ఇచ్చిన ప్రతిసారీ, తిరిగొచ్చీదాకా నాకు ఊపిరాడదు. ఆ బతుకు నీకొద్దు."

ఆ రాత్రి ఝాన్సీ ఏడ్చింది. హరిబాబుకి చెబితే, "ఆయన భయం నిజమే. మరి నేనూ ఈ పని మానలేను. ఆయన ఒప్పుకునీదాకా ఆగుతాను" అన్నాడు. అప్పట్నుంచి సబ్‌స్టేషన్‌కి అతని ఫోన్లు మరీ పొడిగా అయిపోయాయి. నంబరు, టైము, సార్. అంతే.

అక్టోబరులో వాయుగుండం పట్టింది. రెండు రోజులు ఒకటే వాన. మారుమనిషి రాలేక గణపతిరావు డబుల్ డ్యూటీ చేస్తుంటే, మధ్యాహ్నం మూడింటికి ఝాన్సీ క్యారేజీ పట్టుకుని సబ్‌స్టేషన్‌కి వెళ్ళింది. బల్ల మీద రిజిస్టరు తెరిచి ఉంది. చివరి వరసలో నలభై ఏడో నంబరు, హరిబాబు, పన్నెండూ పది.

ఫోన్ మోగింది. హరిబాబుతో పనిచేసే ధనరాజ్, వాగు గట్టు మీద నుంచి.

"బాబాయ్, గెడ్డకి ఇవతల పనైపోనాది. అవతల హరి ఒక్కడే ఉన్నాడు, ఆడూ దిగిపోయుంటాడు. లైనిచ్చీండి, జనం తినీస్తన్నారు."

"దిగిపోయుంటాడా, దిగీసాడా?"

"ఆడి ఫోన్ కలవట్లేదు బాబాయ్."

"ఆడి గొంతు వినాల" అని పెట్టేశారు.

తర్వాత ఫోన్ ఆగలేదు. ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు, మంచినీళ్ళ ట్యాంకు వాళ్ళు, ఊరి పెద్దలు. ఆఖరికి పై అధికారి ఒకాయన, అందరూ దిగేశారని తనకి తెలిసిందని, లైను ఛార్జ్ చేసి కరెంటిచ్చెయ్యమని. గణపతిరావు లేచి నిలబడి మాట్లాడారు.

"మీరు రాసిచ్చినా ఇవ్వలేను సార్. లైను ఆడి పేరు మీద ఉన్నాది."

కుర్చీ తీసుకెళ్ళి బ్రేకరు ముందు వేసుకుని, ఇంకెవరి చెయ్యీ దాని మీదికి పోకుండా అడ్డంగా కూర్చున్నారు. మాటిమాటికీ గోడ గడియారం వైపు చూస్తున్నారు. ఝాన్సీ పక్కనే నేల మీద కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది.

"సూసేవా? ఇలాగే ఉంటాది. రోజూ" అన్నారాయన. "అందుకే వద్దన్నాను."

"సూసేను నాన్నా. ఇంతమంది అడుగుతున్నా మీరు కదలకుండా కూర్చోడం కూడా సూసేను. లైనుకి ఈ చివర మీలాటి మనిషుంటే నాకు సగం భయమే."

"నాలుగేళ్ళలో రిటైరైపోతాను."

"అప్పుడా ఉద్యోగానికి పరీక్ష నేను రాస్తాను."

అంత భయంలోనూ ఆయనకి నవ్వొచ్చింది. నవ్వి, కళ్ళు తుడుచుకున్నారు. బయట వాన అదే జోరున పడుతోంది. నలభై నిమిషాలు గడిచాయి. మళ్ళీ ఫోన్ మోగింది. ధనరాజ్ నంబరే. గణపతిరావు స్పీకరు నొక్కారు.

"బాబాయ్! హరిని!"

ఝాన్సీ చటుక్కున లేచి నిలబడింది.

"నా ఫోన్ తడిసిపోనాది బాబాయ్. చివరి స్తంభం మీద తీగె ముడి వదిలీసినట్టు కనపడితే మళ్ళీ ఎక్కేను. ఇప్పుడే గెడ్డ దాటొచ్చేను. నలభై ఏడో నంబరు తిరిగిచ్చీస్తన్నాను. నలుగురం దిగిపోయేం. లైనిచ్చీయొచ్చు."

అంటే ఇంతసేపూ అతను పైనే ఉన్నాడు. గణపతిరావు కళ్ళు మూసుకున్నారు.

"ఇంకొకసారి సెప్పు."

హరిబాబు ఇంకొకసారి చెప్పాడు. గణపతిరావు రిజిస్టర్లో టైము వేసి, పెన్ను పక్కన పెట్టి, గొంతు సవరించుకున్నారు.

"ఒరే హరీ."

"ఆఁ బాబాయ్."

"మూడు నెల్లు సారూ సారూ అని సంపీసి, ఇప్పుడు బాబాయేటిరా? పిల్లకి అన్నవైపోతావు."

ఫోన్లో వాన చప్పుడు మధ్య నుంచి ఒక భయం భయం గొంతు.

"మరేటనాల... సార్?"

"మావా అను. స్తంభాలకి దూరంగా ఉండండి, లైనిచ్చీస్తన్నాను."

మీట నొక్కారు. గోడ మీది బల్బు వెలిగింది. గేటు అవతల వీధి నుంచి పిల్లల కేకలు వినిపించాయి.

"మావా..." అంది ఫోన్, రుచి చూస్తున్నట్టు.

"ఊఁ. సెప్పు."

"లైనులో ఝాన్సీ ఉన్నాదా?"

గణపతిరావు ఫోన్ కూతురి చేతికిచ్చి, క్యారేజీ పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయారు. చల్లారిన అన్నాన్ని ఆ రోజు ఆయన కడుపునిండా తిన్నారు.

ఝాన్సీ స్పీకరు ఆపి ఫోన్ చెవికి ఆనించుకుంది. ఇన్నాళ్ళూ అతన్ని మీరనే పిలిచింది.

"ఉన్నాను" అంది. "నువ్వు సెప్పు."