పెద్దాయన పోయిన రోజు

ఫోన్ ఎత్తగానే అవతలి గొంతు గబగబా అందుకుంది. "డాక్టర్ గారూ, మా పెద్దాయన నిన్నట్నుంచి ముద్ద ముట్టలేదండీ. మూలన పడుకుని గోడకేసి చూస్తున్నాడు."

"ఇది పశువుల క్లినిక్ అండీ," అంది డాక్టరమ్మ. "పెద్దవాళ్ళని మామూలు ఆసుపత్రికి తీసుకెళ్ళండి."

"తీసుకెళ్తానండీ. అక్కడ ఎవర్నైనా కరిస్తే పూచీ మీదే."

కాసేపటికి ఆ పెద్దాయన రానే వచ్చాడు. తెల్లబడిన మూతి, వాలిపోయిన చెవులు. ముసలి కుక్క. మోసుకొచ్చినవాడు వానలో నిలువునా తడిసి ముద్దయ్యాడు. అతని రెయిన్‌కోటు మాత్రం కుక్క మీద ఉంది.

డాక్టరమ్మ కుక్క పక్కటెముకలు తడిమి కసిరింది. "ఇంత చిక్కిపోయేదాకా ఏం చేస్తున్నారు?"

"డైటింగ్ అనుకున్నానండీ. సంబంధాలేవో చూసుకుంటున్నాడేమోనని."

ఆమెకు ఒళ్ళు మండింది. నవ్వు కూడా వచ్చింది. అందుకు ఇంకా మండింది.

అతను డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పే మాస్టారు. కుక్క వాళ్ళమ్మది. పెద్దాయన అని పేరు పెట్టిందీ ఆవిడే. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. అక్క పెళ్ళై వేరే ఊళ్ళో ఉంది. ఇంట్లో మిగిలింది మాస్టారూ, పెద్దాయనా.

కుక్కకి కిడ్నీలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు సెలైన్ ఎక్కించాలి. ఆ సీసా ఖాళీ అయ్యేదాకా మాస్టారు బల్ల మీద కూర్చుని ఊరకుండేవాడు కాదు. రివర్స్ గేరులో కూరగాయల బండిని గుద్దిన లాయరు గురించీ, హారన్ కొట్టాలంటే సిగ్గుపడే కొత్త పెళ్ళికొడుకు గురించీ చెప్పి నవ్వించేవాడు. ఆ వానాకాలంలో ఆమె గొడుగు మర్చిపోయిన రోజులన్నీ అతను వచ్చే రోజులే అయ్యాయి. అతనే కారులో ఇంటి దగ్గర దింపేవాడు. చివరికి ఆమె కూడా అతని దగ్గర కారు నేర్చుకోవడం మొదలుపెట్టింది.

"మీ వైపు కూడా బ్రేకుందేం?"

"మనుషుల్ని నమ్ముతానండీ. వాళ్ళ కాళ్ళని నమ్మను."

ఒకరోజు జోరువానలో కారు పక్కకి ఆపించి, అద్దం తుడుస్తూ అన్నాడు. "లైసెన్సు వచ్చేస్తే మీరింక నా కారెక్కరు. నన్ను పెళ్ళి చేసుకున్నారనుకోండి, ఎక్కక తప్పదు. ఆలోచించండి."

ఆమెకు ఔననాలనే ఉంది. మాట మాత్రం మెల్లగా వచ్చింది. "ఒకటి అడుగుతాను, చెప్తారా? అమ్మ పోయాక ఆ ఇంట్లో ఎలా ఉంటున్నారు?"

"బ్రహ్మాండంగా! రిమోట్ కోసం పోటీ లేదు."

ఆమె ఇంజన్ ఆపేసింది.

"మా నాన్న ఉద్యోగం పోతే ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. రోజూ క్యారేజీ పట్టుకుని వెళ్ళి ఎక్కడో పార్కులో కూర్చుని వచ్చేవాడు. ఎలా ఉందంటే బాగుందనేవాడు. తర్వాత మాకు తెలిసింది. తెలిసినా అమ్మ అడగలేదు, ఆయన చెప్పలేదు. పోయేదాకా అంతే. మళ్ళీ అలాంటి ఇంట్లో నేనుండలేను మాస్టారూ. మీతో ఎంతసేపైనా నవ్వగలను. ఏడుపొస్తే ఎక్కడికెళ్ళాలి?"

అతని మొహంలో నవ్వు వెలిసిపోయింది. "మరి మీరో? ఇన్నాళ్ళ పరిచయంలో మీ నాన్నగారి మాట ఇవాళే విన్నాను. అదీ కాదని చెప్పడానికి."

ఆమె తలుపు తీసుకుని వానలోకి దిగిపోయింది.

ఆ తర్వాత అతను కుక్కని బల్ల మీద పడుకోబెట్టి వరండాలో నిలబడేవాడు. క్లినిక్‌లో సెలైన్ చుక్కలూ, చూరు చుక్కలూ తప్ప వేరే చప్పుడు ఉండేది కాదు. పిలవాలని ఆమెకు నోటిదాకా వచ్చేది. అక్కడే ఆగిపోయేది.

ముసురు పట్టిన ఒక ఉదయం పెద్దాయన తల ఎత్తలేకపోయాడు.

"ఇక మందులిస్తే బాధని సాగదీయడమేనండీ," అంది ఆమె. "ఇంజెక్షన్‌తో నిద్రపుచ్చుదాం."

మాస్టారు కుక్క చెవులు నిమిరాడు. "నా ఒళ్ళో పడుకోనిస్తారా?" అని మాత్రం అడిగాడు.

నేల మీద కూర్చుని కుక్క తలని ఒళ్ళోకి తీసుకున్నాడు. ఊపిరి ఆగిపోయాక కూడా అతని చెయ్యి చెవుల మీద నిమురుతూనే ఉంది.

అలాంటప్పుడు ఆ ఇంటివాళ్ళని వదిలేసి లోపలి గదిలోకి వెళ్ళడం ఆమె అలవాటు. ఆ రోజు వెళ్ళలేదు. అతని పక్కనే నేల మీద కూలబడింది. కళ్ళు ధారకట్టాయి.

అతను ఆశ్చర్యంగా చూశాడు. "మీరు కూడా ఏడుస్తారా?"

"ప్రతిసారీ. లోపలికెళ్ళి కుళాయి తిప్పుకుంటాను. బయటికి వినపడకుండా."

అతను పక్కనున్న రెయిన్‌కోటు లాగి కుక్క మీద కప్పాడు. "నాకు ఇంటికెళ్ళాలంటే భయంగా ఉందండీ. తాళం తీస్తుంటే లోపల్నుంచి వీడి గోళ్ళ చప్పుడు వినిపించేది. ఆ చప్పుడు విన్నంతకాలం అమ్మ వంటింట్లోనే ఉందని మభ్యపెట్టుకున్నాను. ఇవాళ్టితో అమ్మ నిజంగా పోయింది."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. "పద. నేనూ వస్తాను."

'పదండి' అనలేదని ఇద్దరూ గమనించారు. ఎవరూ దిద్దలేదు.

క్లినిక్ వెనక పెరట్లో పెద్దాయన్ని పూడ్చిపెట్టి అతని ఇంటికి వెళ్ళారు. తాళంచెవి అతను ఆమె చేతిలో పెడితే ఆమే తీసింది. లోపల నిశ్శబ్దం. ఒక మంచం, దాని కింద నీళ్ళగిన్నె. అతను గడప దగ్గరే చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. ఊరుకోమని ఆమె అనలేదు.

తర్వాత మాటలు వచ్చాయి. ఆసుపత్రిలో అమ్మ గోళ్ళు కత్తిరించమంటే రేపు చేస్తానన్నాడట. ఆ రేపు రాలేదట. ఆమె కూడా చెప్పింది. పార్కులో నాన్నని ఒకసారి చూసిందట. పలకరిస్తే ఆయన చిన్నబోతాడని చెట్టు చాటునుంచి తిరిగొచ్చేసిందట. ఈ సంగతి వాళ్ళమ్మకి కూడా తెలియదట.

బయట పొద్దు వాలుతుంటే ఫోన్ మోగింది. అక్క. అతను స్పీకర్ నొక్కాడు.

"ఏరా, ఎలా ఉన్నావ్?"

"బాలేనక్కా. పెద్దాయన పోయాడు. అమ్మ గుర్తొస్తోంది."

అవతల ఏడుపు గొంతు. "అమ్మ పోయినరోజు కూడా నువ్వు నన్ను నవ్విస్తూనే ఉన్నావు కదరా. బాధంతా నాకొక్కదానికే ఉందేమో అనుకున్నాను... ఒక్కడివే ఉన్నావా ఇంట్లో?"

అతను డాక్టరమ్మ వంక చూశాడు. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని ఫోన్ అందుకుంది.

"నేనున్నాను వదినా," అంది.