మూడో అంతస్తులో చైనా పాట

సంగీతం కాలేజీ మూడో అంతస్తులో చివరి గది... పగలు కూడా అటు ఒంటరిగా పోయేవాళ్లు తక్కువ. ఎప్పుడో ఒక పియానో టీచరమ్మ అందులో వాయిస్తూ వాయిస్తూనే ఒరిగిపోయిందట. అప్పట్నుంచి రాత్రి తొమ్మిది దాటితే పియానో దానంతటదే మోగుతుందని ప్రతీతి. బల్బు పోయి ఏడాదైనా, వెళ్లి మార్చే మొనగాడు లేడు.

అంత భయంలోనూ లాభం చూసుకున్నవారు ఒక్కరే — మా వయొలిన్ మాస్టారు. ఈ సంగతి నాకు చెప్పింది ఆయన బావమరిది. కచేరీల్లో ఆయన పక్కన పియానో వాయించేది అతనే.

మాస్టారు రోజూ రాత్రి వయొలిన్ చంకన పెట్టుకుని మెట్ల మీద నక్కేవారు. లోపల టింగ్... టింగ్ టింగ్... అయిదే అయిదు స్వరాలు, మీదికీ కిందికీ. అయిదు స్వరాలంటే అచ్చం చైనా సంగీతమే! దాన్ని వయొలిన్ మీద పట్టుకోబోయేసరికి — టక్కున ఆగిపోయేది. ఈయన చెప్పులు చేత్తో పట్టుకుని పరుగు.

అలా ముక్కా ముక్కా ఏరుకొచ్చి, వయొలిన్‌కీ పియానోకీ కలిపి మూడు నిమిషాల రచన కట్టారు. "పదేళ్లు చైనా సంగీతాన్ని మథించాను" అని చాటింపు వేశారు. చైనా దాకా ఎందుకు, ఆయన ఊరి పొలిమేర దాటింది పెళ్లికే.

కచేరీ తెల్లారితే. అది రక్తి కడితే ప్రిన్సిపాల్ కుర్చీ ఆయనదే. కానీ రచనకి ముగింపు లేదు!

"సొంతంగా ఏదో ఒకటి కట్టెయ్యి బావా," అన్నాడు బావమరిది.

"సొంతంగానా?" మాస్టారు తెల్లబోయారు.

ఆ రాత్రి వయొలిన్ ఇంట్లోనే వదిలి, గుండె చిక్కబట్టుకుని మెట్లెక్కారు. లోపల మోగుతూనే ఉంది... తలుపు తోశారు... పియానో మీదికి వంగి ఒక ఆకారం — చేతిలో తెల్లగా ఏదో ఊగుతోంది.

చేతులు జోడించారు. "తల్లీ... చివరిదాకా వాయించు... నా పరువు నీ చేతిలో ఉంది..."

"వాయించడమేంటి సార్?" అంది ఆకారం.

ఊడ్చే ఆయమ్మ! చేతిలో గుడ్డ.

"దుమ్ము తుడుస్తున్నాను. వరండా లైటుకి నల్ల మీటల మీదే కనబడుతుంది. అవే తుడుస్తాను."

సప్తకానికి నల్లవి అయిదే. మాస్టారి పదేళ్ల మథనం ఆ గుడ్డకి అంటుకుని ఉంది.

"మరి... రోజూ మధ్యలో ఎందుకాపుతావ్?"

ఆయమ్మ గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. "మెట్ల మీద దెయ్యముంది సార్... పీక నులిమితే చచ్చినట్టుంది పాపం, ఒకటే మూలుగు! అది మొదలెట్టగానే గుడ్డ పడేసి పియానో కింద దూరతాను. ఒక్కరోజైనా చివరిదాకా తుడవనివ్వలేదు, ముదనష్టపుది!"