పది పళ్ళు, ఒక పొగడ్త

ఉదయం 9:40. డెంటల్ క్లినిక్‌లో డబ్బా మూత తీశారు. లోపల దూది ఉంది. పళ్ళు లేవు.

9:58కి ఇన్‌స్పెక్టర్ దిగాడు. పన్ను ఎగ్గొట్టిన కేసులు చాలా చూశాడు గానీ, పన్ను ఎత్తుకుపోయిన కేసు ఆయన సర్వీసులో ఇదే మొదటిది. అదీ ఒకటి కాదు, పది. పంటిమీద అతికించే పింగాణీ వెనీర్లు. ఒక్కోటీ గోరంత పల్చన.

కుర్చీలో అమ్మాయి నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. వెనీర్ల కోసం ఆమె పై వరుసలో పది పళ్ళు అరగదీశారు. అరిగిన పన్ను మళ్ళీ పెరగదు.

"రేపు పదింటికి హోటల్లో రిసెప్షనిస్టు ఇంటర్వ్యూ సార్. ఇప్పటికి రెండుసార్లు పోయింది. నవ్వు బాలేదన్నారు."

"కొత్తవి ఎప్పటికొస్తాయి డాక్టర్?"

"పదిహేను రోజులు. అందాకా ప్లాస్టిక్ తొడుగులు వేస్తాను. అవి తినడానికే, నవ్వడానికి కాదు."

ఇన్‌స్పెక్టర్ నర్సు వైపు తిరిగాడు.

"డబ్బా ఎవరు తెచ్చారు?"

"ల్యాబ్ పెద్దాయన. 9:10కి. రోజూ వచ్చే మనిషేగా అని మూత తీయకుండానే సంతకం పెట్టేశా."

"తర్వాత గదిలో ఎవరున్నారు?"

"నేనూ, డాక్టరుగారూ."

"అంటే మీ ఇద్దరిలో ఒకరు."

"అయ్యో, నా పళ్ళు నాకున్నాయి సార్!"

నిజమే. ఒకరి నోటికి కొలిచి చేసింది ఇంకొకరి నోట పట్టదు. మరి ఎవడికి పనికొస్తాయని తీశాడు? పంటికింద రాయిలా తగిలింది ప్రశ్న.

10:25. కబురందుకుని వచ్చి బయట బెంచీ మీద కూర్చున్నాడు ల్యాబ్ పెద్దాయన. నలభై ఏళ్ళుగా పళ్ళు చేసిన చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ పళ్ళికిలించి పలకరించాడు.

పెద్దాయన కళ్ళు చికిలించి ముందుకు వంగాడు. "ఎంత చక్కటి పలువరస సార్! ముత్యాలే!"

నర్సు కిసుక్కున నవ్వి, నోరు మూసుకుంది. ఇరవై రెండేళ్ళ టీ, సిగరెట్లు కట్టిన ఇటుక గోడ అది. పోలీసును పొగిడేవాళ్ళకు కొదవలేదు. కానీ ఈ గొంతులో కాకా లేదు. పనివాడి మెచ్చుకోలు ఉంది.

10:40. ఇన్‌స్పెక్టర్ అందరినీ లోపలికి పిలిచాడు. తెలుపు నుంచి పసుపు దాకా నమూనా పళ్ళు గుచ్చిన షేడ్ గైడ్‌ను పెద్దాయన చేతికిచ్చాడు.

"నా పంటికి సరిపోయేది తియ్యండి."

పెద్దాయన చాలాసేపు వెతికాడు. తీశాడు. అన్నిటికంటే తెల్లనిది.

ఈసారి నర్సు నవ్వలేదు.

"ఇక్కడ ముందు పోయింది పళ్ళు కాదు డాక్టర్, కళ్ళు. ఈయనకి తెలుపూ పసుపూ తేడా తెలియడంలేదు. డబ్బా ఖాళీగానే తెచ్చాడు."

పెద్దాయన తల దించుకున్నాడు. "ఈ నెల రంగు కుదరక రెండు సెట్లు వెనక్కొచ్చాయి బాబూ. మూడోదీ తప్పయితే మళ్ళీ రావద్దన్నారు డాక్టరుగారు. పొద్దున మా ఆవిడ చూసి, 'ఇదేంటయ్యా, ఒక్కోటి ఒక్కో రంగుంది' అంది. ఇక్కడే పోయాయంటే రంగెవరూ అడగరనుకున్నా."

జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. పది పళ్ళు. అమ్మాయి ముందు పట్టాడు.

"నువ్వు చెప్పమ్మా. వయసులో ఉన్న కళ్ళు. మా ఆవిడదీ పాత చూపే కదా... పొరబడిందేమో?"

అమ్మాయి రుమాలు వైపు చూసింది. రెండు తెలుపు. మూడు పసుపు. మిగతావి ఏ రంగో చెప్పడం కష్టం.

నోటికి అడ్డం పెట్టిన చెయ్యి తియ్యకుండానే, పొరబడలేదన్నట్టు తలూపింది.