మూడో అంతస్తులో తిట్టే దెయ్యం

ఉప్పళంలో ఒక ఆసుపత్రి ఉంది, పేరొద్దులే. దాని మూడో అంతస్తు చివరి గది మాటెత్తితే వాచ్‌మన్ అళగేశన్ గబగబా విభూతి పూసుకుంటాడు. రాత్రయితే అందులో ఒక ఆడ దెయ్యం... ఏడవదు, నవ్వదు — తిడుతుంది! అరవంలో కొంచెం, తెలుగులో ఎక్కువ.

ఆ ఆసుపత్రిలోనే నర్సుగా చేసే మా చిన్నాయన కూతురు యోగిత చెప్పిందే చెప్తున్నా. అబద్ధమైతే దాన్నే అడుక్కోండి.

ఒకనాటి రాత్రి దాని వార్డులో ఒక తాత పోయినాడు. నెల దినాలు యోగిత తన చేత్తో అన్నం తినిపించిన తాత. దీనికి కంట్లో చుక్క నీళ్లు రాలేదు! పక్క మంచం వాళ్లు ఫ్యాను తిరగలేదని అరిస్తే, నవ్వు మొహంతో "సరే సార్" అనింది. నేనసలు మనిషినేనా అని దానికే భయమేసింది. తెల్లారి ఉద్యోగం మానేస్తానని చెప్పేద్దామనుకొని, కాసేపు ఒంటిగా కూర్చునేదానికి మెట్లెక్కింది.

పైన చీకటి... చివరి గది తలుపు సందులో సన్నంగా వెలుతురు...

"నోరు మూస్తావా, మూయవా?"

యోగిత గోడకి అతుక్కునింది.

"గ్లూకోజు గబగబా ఎక్కించాల్నా? అదేమన్నా పానకమా, గటగటా తాగేదానికి!"

దెయ్యానికి గ్లూకోజుతో ఏం పనబ్బా? మెల్లగా తలుపు తోసింది.

లోపల — పెద్ద సిస్టర్ ఆండాళమ్మ! ఏనాడూ గొంతు పెంచని మహాతల్లి! ఎదురుగా మంచం మీద, కొత్త నర్సులకు ఇంజెక్షన్ నేర్పించే రబ్బరు బొమ్మ.

"ఏంది పాపా అట్లా చూస్తావు? పగలంతా మింగిందంతా యాడ కక్కేది? వీడి పేరు చిన్నదురై. మేమందరం వంతులేసుకొని వస్తాం. ఎవురూ రాకుండా దెయ్యమని పుట్టించింది కూడా మేమే. ఊఁ, కానీ... తిట్టు."

యోగిత ముందు గొణిగింది. తర్వాత గొంతెత్తింది. ఫ్యాను వాళ్లని, వరసగా వేసిన నైట్ డ్యూటీలని, చెప్పకుండా పోయిన తాతని... ఆడ ఆగి భోరుమనింది. ఏడస్తా ఏడస్తానే నవ్వొచ్చేసింది. ఆండాళమ్మకీ నవ్వే. ఇద్దరూ పొట్టలు పట్టుకొని ఒకటే నవ్వంట!

"నేను మానేద్దామనుకున్నా అక్కా..."

"పొద్దున చూద్దాంలే. పా, పోదాం."

బొమ్మకి దుప్పటి కప్పి, లైటార్పి, తలుపుకు తాళం వేసినారు. నాలుగడుగులు వేసినారో లేదో — లోపల్నుంచి, మెల్లగా, మగ గొంతు...

"సిస్టర్... రేపు కూడా వస్తారు కదా?"

"వస్తా! వస్తా!" అని కేకలేస్తా మూడంతస్తులూ ఒక్క ఉరుకున దిగేసింది యోగిత. దానికంటే ముందే దిగేసింది — ఆండాళమ్మ!

ఇప్పటికీ డ్యూటీకి పోతానే ఉంది. మాటిచ్చి మానేస్తే చిన్నదురై ఊరుకుంటాడా?