బొందలగడ్డలో మువ్వ చప్పుడు

కోరుట్ల నుంచి వేములవాడ పోయే తొవ్వలో, వరద కాలువ వంతెన దాటగానే ఎడమ పక్కన ఊరివాళ్ళను పూడ్చే బొందలగడ్డ ఉంది. చీకటి పడ్డాక ఆ స్టేజీలో బస్సు ఆగదు. దిగేవాళ్ళుంటే డ్రైవర్ ఊరి లోపలిదాకా తీసుకుపోయి మరీ దింపుతాడు. అంత దయగల డ్రైవర్లను ఈ రూట్లో ఇంకెక్కడా చూడలేదు నేను.

రాత్రిపూట అక్కడ వెలుతురు తిరుగుతుందట. మట్టి తవ్విన చప్పుడు వస్తుందట. ఎవరో గుసగుసగా మాట్లాడతారట... తెల్లారి చూస్తే పాత సమాధి మీద కొత్త మట్టి కనిపిస్తుందట.

ఈ 'అట'లు వినీ వినీ నాకు విసుగొచ్చింది. చెప్పేవాళ్ళు ఊరి నిండా ఉన్నారు, చూసిన మనిషి ఒక్కరూ లేరు. చివరికి ఒక మనిషి దొరికింది — మా చిన్నమ్మ కూతురు శోభ. ఆమెను ఆ ఊరికే ఇచ్చారు. మొన్న ఇద్దరం వేములవాడ బస్సులో పోతుంటే చెప్పింది. విన్నది విన్నట్టు చెబుతున్నాను.

శోభ అత్త బుచ్చవ్వ బీడీలు చేసేది. ఎలుకలు బీడీ కట్టలు కొరికేస్తున్నాయని ఒక పిల్లిని తెచ్చుకుంది. దాని పేరు ముత్తి. మెడలో బీడీదారంతో ఒక మువ్వ కట్టింది. మువ్వ కట్టిన పిల్లికి ఎలుక ఎక్కడ దొరుకుతుంది? ఒక్కటీ దొరకలేదు. అయినా ముసలామె దాన్ని వదల్లేదు. ఆమె ఒళ్ళో చాట, చాట పక్కన ముత్తి. రాత్రి కూడా ఒకే దుప్పటి.

ముత్తి ముందు పోయింది. బుచ్చవ్వ దాన్ని తన పాత చీర పేలికలో చుట్టి, మెడలో మువ్వ అట్లాగే ఉంచి, పెరట్లో జామచెట్టు కింద పాతిపెట్టించింది. ఆ సాయంత్రమే కోడలి చెయ్యి పట్టుకుంది.

"నేను సచ్చినంక దీన్ని తీస్కచ్చి నా పక్కన్నే పెట్టాలె, శోభా. ఒక్కదాన్నే పండితె నాకు నిద్ర రాదు."

"అట్లనే అత్తా" అని శోభ చేతిలో చెయ్యేసింది.

కొన్నాళ్ళకే బుచ్చవ్వ కూడా కన్ను మూసింది. శోభ తన భర్త మహిపాల్‌కు చెప్పింది. మహిపాల్ పోయి కులపెద్ద రాజంకు చెప్పాడు. రాజం భుజం మీద తువ్వాల సర్దుకున్నాడు.

"పిల్లినా? మన తాత ముత్తాతలు పండుకున్న జాగల పిల్లినా? ఇయ్యాల పిల్లి అంటరు, రేపు బర్రెను సుత పెడ్తమంటరు."

అందరూ నవ్వారు. శవం వాకిట్లో ఉండగానే నవ్వారు. మహిపాల్ కూడా నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే శోభకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మూడోనాడు పిట్టకు పెట్టారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి సమాధి మీద పెడతారు కదా. కాకి వచ్చి ముడితే ఆ మనిషి తృప్తిగా పోయినట్టు, ముట్టకపోతే ఆశ ఏదో మిగిలిపోయినట్టు. కోడికూర పెట్టారు, గారెలు పెట్టారు, కల్లు సీసా పెట్టారు, ఒక బీడీ కట్ట కూడా పెట్టారు. కాకి వచ్చింది. తుమ్మచెట్టు మీద కూర్చుని చూసింది... చూసి ఎగిరిపోయింది.

"అవ్వా, నీ కమ్మలు భాగ్యకే ఇస్తం" అని దండం పెట్టారు. "మనుమని పెండ్లి మంచిగ చేస్తం" అని దండం పెట్టారు. కాకి మళ్ళీ రాలేదు. అయిదోనాడూ అంతే.

భాగ్య బుచ్చవ్వ బిడ్డే, మహిపాల్‌కు అక్క. ఆమెను ఉన్న ఊళ్ళోనే ఇచ్చారు. నలుగురిలో నిలబడి అన్నది.

"మా అవ్వ కడుపు మాడ్చుకొని పోయినట్టున్నది. పెట్టినోళ్ళకే ఎరుక."

అందరి తలలూ శోభ వైపు తిరిగాయి. ముసలామెను లేపింది, కడిగింది, ముద్దలు కలిపి నోట్లో పెట్టింది ఈమె. అదంతా ఒక్క మాటతో మట్టిలో కలిసింది.

"అత్త అడిగింది పిల్లిని. దాన్ని తెచ్చి పెట్టున్రి. అప్పుడు సుత కాకి ముట్టకపోతె నన్నడుగున్రి" అన్నది శోభ.

"మళ్ళ గదే లొల్లి" అన్నాడు రాజం.

ఇంకొన్ని రోజులు గడిచాయి; ఇక తెల్లారితే దినాలు, పెద్దకర్మ. కాకికి పెట్టడం అదే ఆఖరు. ఆ రోజు కూడా కాకి ముట్టకపోతే, అత్తను కడుపు మాడ్చి చంపిన కోడలని శోభకు బతికినన్నాళ్ళూ పేరు.

"రేపొక్కనాడు ఓర్చుకో" అన్నాడు మహిపాల్.

"ఓర్చుకునేది నేనైతే నువ్వేం జేస్తవ్?"

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఊరు సద్దుమణిగాక శోభ లేచింది. జామచెట్టు కింద తవ్వింది. ఏడ్చుకుంటూ, తిట్టుకుంటూ తవ్వింది. చీర పేలికతో సహా ముత్తిని సంచిలో పెట్టుకుంది. పార భుజాన వేసుకుని బయల్దేరింది.

కాలువ గట్టు మీద గాలి లేదు. కింద నీళ్ళ చప్పుడు, తన అడుగుల చప్పుడు... అంతే. బొందలగడ్డ దగ్గరికి వచ్చేసరికి రెండో చప్పుడు ఆగింది. తన కాళ్ళే ఆగిపోయాయి.

సమాధుల మధ్య వెలుతురు.

కచ్... కచ్... ఎవరో తవ్వుతున్నారు.

తెల్లటి ఆకారం వంగి ఉంది. భుజాలున్నాయి, చేతులున్నాయి — తల లేదు. శోభ సంచిని రొమ్ముకు అదుముకుంది. ఆ ఆకారం మట్టి మీద చెయ్యి పెట్టి గుసగుసగా మాట్లాడింది.

"బాలవ్వా... కొద్దిగ జరుగు... వీడచ్చిండు."

ఆ గొంతు శోభకు తెలుసు.

ఆకారం నడుం ఎత్తింది. తలకు చుట్టుకున్న నల్లటి తువ్వాల జారింది. రాజం... పక్కన సెల్‌ఫోన్ లైటు. ఆ లైటు వెలుగులో, గోనెసంచి మీద ఆయన నల్లకుక్క చచ్చి పడి ఉంది. తవ్వుతున్నది రెండేళ్ళ కింద పోయిన ఆయన భార్య బాలవ్వ సమాధి, కాళ్ళ వైపు.

"ఎవలు?"

"నేనే మామా. శోభను."

రాజం తువ్వాలతో కుక్కను కప్పబోయాడు.

"నువ్వు నన్ను సూడలే, బిడ్డా."

"సూసిన."

రాజం మట్టి కుప్ప మీద కూలబడ్డాడు. "మా బాలవ్వ పోయినంక నాతోని కూసొని తిన్నది గిదొక్కటే. మాపటీలి పాణం ఇడిచింది. గుట్టకవుతల పారేసి రమ్మంటున్నడు నా కొడుకు. నాకు మనసొప్పుతదా?"

"మరి మా అత్త పిల్లికి అడ్డం పడ్డది ఎవలు మామా?"

"నలుగుర్ల ఎట్ల ఒప్పుకుంట? నవ్వరా?"

"నవ్వింది మీరే గద."

రాజం ఫోన్ లైటు అటూ ఇటూ తిప్పాడు. "నేనొక్కన్నే గాదు బిడ్డా. గా మూలకు సారయ్య, ఆయన పక్కన ఆయన చిలుక. గీ తుమ్మ కింద జమునవ్వ, ఆమె పెంచిన మేకపిల్ల. నేను బాలవ్వ కాడికి అచ్చినప్పుడల్లా ఎవలో ఒకలు తవ్వుకుంటనే ఉంటరు. లైటు బంద్ జేసి సప్పుడు జెయ్యక కూసుంట. పోయినేడు మీ భాగ్య గూడ అచ్చింది, వాళ్ళ అత్త కోడిపుంజును చంకల పెట్టుకొని. దెయ్యం లేదు గియ్యం లేదు. అందరం ఒకలకొకలం దెయ్యాలమే."

శోభకు నవ్వు రాలేదు. ఇన్ని రోజులు పడిన మాటలన్నీ గొంతులోకి వచ్చాయి. చేతిలో పార ఉందని కూడా ఒక్క క్షణం గుర్తొచ్చిందట.

"రేపు గీ మాట నలుగుర్ల చెప్పాలె మామా. నా మీద పడ్డ నింద పోవాలె."

"చెప్త" అన్నాడు రాజం. తన కుక్కను పూడ్చి, పార అందుకుని బుచ్చవ్వ పక్కన తనే తవ్వాడు. ముత్తిని తనే దించాడు. మట్టి కప్పాక చేత్తో రెండుసార్లు తట్టాడు కూడా.

తెల్లారింది. అందరూ వచ్చారు. విస్తరి పరిచారో లేదో, కాకి తుమ్మచెట్టు దిగి వచ్చింది. ఎవరూ దండం పెట్టకముందే గారె ముక్కను ముక్కున కరుచుకుంది.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. శోభ రాజం వైపు చూసింది. రాజం దగ్గాడు. తువ్వాల సర్దుకున్నాడు.

"మొన్నటిదాంక ఈతకల్లు పెట్టిండ్రు. ఇయ్యాల తాటికల్లు పెట్టినం. గందుకే ముట్టింది."

"అవును, మా అవ్వకు తాటికల్లంటెనే పాణం" అన్నది భాగ్య.

అంతా తలలూపారు. శోభతో ఒక్కరూ ఒక్క మాట అనలేదు. ఆ నిమిషంలో వాళ్ళందర్నీ అక్కడే వరసగా పాతిపెట్టాలనిపించిందని నాతో అన్నది, అబద్ధమెందుకు.

అప్పుడు వినిపించింది.

ఘల్...

సన్నగా. మువ్వ చప్పుడు.

ఎవరూ కదల్లేదు. మళ్ళీ — ఘల్... ఘల్...

రాజం కళ్ళు బాలవ్వ కాళ్ళ వైపు పోయాయి. భాగ్య కళ్ళు వాళ్ళ అత్త సమాధి వైపు పోయాయి. సారయ్య కొడుకులు మూలకు చూశారు. జమునవ్వ కోడలు తుమ్మ కిందికి చూసింది. ఇంకా ఎవరెవరో, ఎక్కడెక్కడికో... ఎవరిది వాళ్ళు చూసుకున్నారు. మువ్వ ఉన్న పిల్లి బుచ్చవ్వదేనని ఊరంతటికీ తెలుసు. అయినా బుచ్చవ్వ సమాధి వైపు ఒక్కరూ చూడలేదు.

ఎవరూ ఎవర్నీ అడగలేదు కూడా. చెప్పులు చేతపట్టుకుని, సగం సామాను అక్కడే వదిలేసి గట్టెక్కారు.

"పాతిపెట్టిన మువ్వ ఎట్లా మోగిందే?" అని అడిగాను శోభను.

శోభ కొంగుముడి విప్పింది. అరచేతిలో చిన్న ఇత్తడి మువ్వ, సందుల్లో ఇంకా మట్టి.

"తవ్వేటప్పుడే దారం సీకిపోయి చేతిలకచ్చింది. ఒక్కలన్న నోరిప్పుతరేమోనని కొంగుల ఆడిచ్చిన. ఒక్కలు ఇప్పలే అక్కా. ఇప్పటికీ రాత్రే తవ్వుతరు, పొద్దుగాల దెయ్యమంటరు. ఏం మనుషులో."

"మరి కాకి?"

బస్సు వంతెన దాటుతోంది. శోభ మువ్వను మళ్ళీ ముడి వేసుకుంది. కిటికీలోంచి ఎడమ పక్కకు చూస్తూ, గొంతు బాగా తగ్గించి చెప్పింది.

"మువ్వ మోగిచ్చింది నేనే. కాకిని పిలిచింది నేను గాదు."