ఫ్లేర్‌కి లొంగని సీకర్

తెర మీద ఒక ఫైటర్ విమానం నిప్పుల ఫ్లేర్లు జల్లుకుంటూ పక్కకి వాలింది. వెనక తరుముతున్న మిసైల్ వాటివైపు కన్నెత్తి కూడా చూడలేదు. సూటిగా వెళ్లి విమానాన్ని పేల్చేసింది.

“వీడియో గేమే కదా సార్?” అన్నాడు డేగ. ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్‌లో అతని పేరు అదే.

“గేమే. సీకర్ మాత్రం మనది,” అన్నాడు చీఫ్. “ఇంజన్ వేడిని పట్టి తరిమే మిసైల్‌కి అదే కన్ను. పాతవి ఫ్లేర్ మంట చూసి మోసపోయేవి. మనది చూపు బిగించి విమానాన్నే పట్టుకుంటుంది. ఆ కిటుకు ఎవరో అమ్మేశారు. ఈ గేమ్ ఒక విదేశీ ముఠాది. లక్షలమంది ఆటగాళ్లు రకరకాలుగా ఫ్లేర్లు వదిలి చూస్తున్నారు. ఏ పద్ధతికి మన మిసైల్ బోల్తా పడుతుందో ఆ డేటా టోర్నమెంట్ ఫైనల్ ముగియగానే సరిహద్దు దాటుతుంది. ఆపితే మళ్లీ పంపుతారు. అందుకే ఆపొద్దు. మార్చేయ్.”

ఫైనల్ రోజు డేగ పెట్టుడు గడ్డంతో, హెడ్‌సెట్లు బాగుచేసే టెక్నీషియన్‌గా హాల్లో అడుగుపెట్టాడు. స్టేజి మీద ఎర్ర గౌనులో మెరిసిపోతున్న కామెంటేటర్ పైకి ముఠా మనిషి. నిజానికి మన మనిషి.

“హెడ్‌సెట్‌లో గాలి హోరు,” అందామె.

“కిటికీ మూసేస్తే సరి.”

కోడ్ కలిసింది. ఆమె కెమెరాలకి నవ్వుతూనే గుసగుసలాడింది. “సర్వర్ రూమ్ స్టేజి వెనక. సీకర్ అమ్మినవాడే స్వయంగా వచ్చి డేటా పంపుతాడట. మొహం నేను చూడలేదు.”

సర్వర్ రూమ్‌లో డేగ హెడ్‌సెట్ విరిచి, లోపల దాచిన పెన్‌డ్రైవ్ సర్వర్‌కి గుచ్చాడు. దాని మీద ఎర్ర లైటు మిణుకుమిణుకుమంది. ఆకుపచ్చగా మారితే పని అయినట్టే.

“చేతులెత్తరా!”

ఆ గొంతు చిన్నప్పట్నుంచీ విన్నదే. తిరిగి చూడక్కర్లేదు. బావ! అక్క మొగుడు, మిసైల్ ల్యాబ్‌లో ఇంజనీరు. నాన్న పోయాక సీటు పట్టుకుని వెనకాలే పరిగెడుతూ సైకిల్ నేర్పినవాడు. డేగ డ్రైవ్‌కి అడ్డంగా నిలబడి తిరిగాడు. ఇప్పుడు ఆ చేతిలో పిస్టల్.

“నువ్వా బావా?”

“గడ్డం నీకు నప్పలేదురా.”

“ఎందుకిలా చేశావ్?”

“ఆ సీకర్‌ని కన్నబిడ్డలా పెంచాను. పేరు మాత్రం డైరెక్టర్ కొట్టేశాడు. వీళ్లు నా విలువ గుర్తించారు.”

“మన పైలట్లు ఆ మిసైల్‌నే నమ్ముకుని ఎగురుతున్నారు బావా!”

బావ తేలిగ్గా భుజాలెగరేశాడు. “ఈ లీక్ గురించి ఆరా తీయడానికి ల్యాబ్‌కి వచ్చిన మీ చీఫ్‌కి, నిన్ను పంపమని సలహా ఇచ్చింది కూడా నేనే. నువ్వయితే నన్ను కల్లో కూడా అనుమానించవుగా.”

తూటా దిగినా అంత నొప్పి పుట్టేది కాదేమో. డేగ ఓరకంట చూశాడు. లైటు ఇంకా ఎర్రగానే ఉంది.

బయట మైకులో కామెంటేటర్ గొంతు మోగింది. “చిన్న అంతరాయం! ఈలోగా రీప్లే చూద్దాం!” ఆమె కాలయాపన చేస్తోంది.

“అక్కకి తెలుసా?”

బావ చూపు మొదటిసారి కిందికి వాలింది. “తెలీదు.”

హాలు దద్దరిల్లింది. ఫైనల్ ముగిసింది. బావ పిస్టల్ దించకుండానే రెండో చేత్తో కీబోర్డు అందుకున్నాడు. లైటు ఆకుపచ్చగా మారడం, అతను మీట నొక్కడం ఒక్కసారే జరిగాయి.

“అయిపోయింది,” అన్నాడు బావ.

“అవును బావా. వెళ్లింది పాత సీకర్ డేటా. అసలుది చెరిగిపోయింది. దాన్ని నమ్ముకుని వాళ్లెన్ని ఫ్లేర్లు వదిలినా మన మిసైల్ తల తిప్పదు.”

బావ గిర్రున తెర వైపు తిరిగాడు. డేగకి ఆ క్షణం చాలు. మణికట్టు మెలితిప్పి బేడీలు వేశాడు. తన కళ్లు ఎప్పుడు చెమ్మగిల్లాయో అతనికే తెలియలేదు.

“శభాష్!” చెవిలోని ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. ఆ వెంటనే, “ఇంటికెళ్లి మీ అక్కకి ఏం చెప్తావ్?”

“బావ టూర్‌కి వెళ్లాడని చెప్తా సార్. ఎన్నేళ్ల టూరో జడ్జిగారు చెప్తారు.”